మాత్ర మొదలైన రోజే ఎముక గురించీ అడగండి

(రొమ్ము క్యాన్సర్ చికిత్స తీసుకున్న మహిళలు, వాళ్ల కుటుంబ సభ్యుల కోసం జరిగిన సమావేశంలో ఒక ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) చేసిన ప్రసంగం, ఆ తర్వాత వచ్చిన ప్రశ్నల్లో కొన్ని)

అందరికీ నమస్కారం.

మీలో చాలామంది రోజూ ఒక చిన్న మాత్ర వేసుకుంటున్నారు. కొందరిది లెట్రోజోల్, కొందరిది అనాస్ట్రోజోల్, కొద్దిమందిది ఎక్సిమెస్టేన్. ఆపరేషన్ అయిపోయింది, కీమో అయిపోయింది, రేడియేషన్ అయిపోయింది, జుట్టు కూడా మళ్లీ వచ్చింది. చుట్టాలంతా గండం గడిచిందనుకుంటున్నారు. ఈ మాత్ర మాత్రం ఐదేళ్లు వాడమన్నారు, కొందరికి ఏడేళ్లు, పదేళ్లు కూడా. ఈ మాత్ర వల్ల ఎముకకు ఏం జరుగుతుంది, దాన్ని ముందే ఎలా ఆపుకోవాలి అన్నదే ఈ రోజు నేను మాట్లాడబోయే విషయం.

అసలు సంగతిలోకి వెళ్లేముందు ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇదంతా విని ఎవరూ ఇంటికెళ్లి మాత్ర ఆపేయకండి. క్యాన్సర్ తిరిగి రాకుండా అది చేస్తున్న మేలు చాలా పెద్దది. ఎముకకు జరిగే నష్టాన్ని కనిపెట్టడానికి పరీక్ష ఉంది, ఆపడానికి మందు ఉంది. కాబట్టి మాత్ర వాడాలి, ఎముకనూ కాపాడుకోవాలి. రెండూ కుదురుతాయి.

ఎముక ప్రాణమున్న కణజాలం. మనం బతికున్నన్నాళ్లూ కొన్ని కణాలు పాత ఎముకను కరిగిస్తుంటాయి, ఆ వెనకాలే ఇంకొన్ని కణాలు కొత్త ఎముకను పేరుస్తుంటాయి. పాత గోడ కూల్చే కూలీలు, కొత్త గోడ కట్టే మేస్త్రీలు ఒకే ఇంట్లో పనిచేస్తున్నారనుకోండి. కూల్చేవాళ్లను అదుపులో పెట్టేది ఈస్ట్రోజన్ హార్మోన్. అది తగ్గిందంటే కూల్చే పని జోరందుకుంటుంది, కట్టే పని దాన్ని అందుకోలేదు. ముట్లుడిగాక ఆడవాళ్ల ఎముకలు పలచబడటానికి ముఖ్య కారణం ఇదే.

అదే ఈస్ట్రోజన్ చాలా రొమ్ము క్యాన్సర్లకు ఆహారం కూడా. 1896లో గ్లాస్గోలో జార్జ్ బీట్సన్ అనే సర్జన్ ఒక విషయం ప్రచురించాడు. ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న మహిళకు అండాశయాలు తీసేస్తే గడ్డ తగ్గిందని. అప్పటికి ఈస్ట్రోజన్ అనే పేరే లేదు. మీ రిపోర్టులో ఈఆర్ పాజిటివ్ అని రాసి ఉంటుంది చూడండి, దాని అర్థం ఆ గడ్డ ఈస్ట్రోజన్ మీద ఆధారపడి పెరుగుతోందని. ముట్లుడిగాక అండాశయాలు పని మానేసినా, ఒంట్లోని కొవ్వు, కండరాలు అరోమటేజ్ అనే ఎంజైమ్ సాయంతో కాస్త ఈస్ట్రోజన్ తయారుచేస్తూనే ఉంటాయి. లెట్రోజోల్ లాంటి మాత్రలు ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి. మిగిలిన ఆ కాస్త ఈస్ట్రోజన్ కూడా 90 శాతానికి పైగా పడిపోతుంది. క్యాన్సర్‌కు ఆహారం అందదు, ఎముకకు కాపలా పోతుంది. ఈ రెండూ ఒకే మాత్రతో, ఒకే రోజు మొదలవుతాయి.

ఇదే క్యాన్సర్‌కు వాడే ఇంకో రకం మాత్ర టామోక్సిఫెన్ సంగతి వేరు. ముట్లుడిగినవాళ్లలో అది ఎముకను కొంత కాపాడుతుంది. ఇంకా నెలసరి వస్తున్నవాళ్లలో మాత్రం ఎముకను కొద్దిగా తగ్గిస్తుంది. ఏటాక్ అనే పెద్ద అధ్యయనంలో ఈ రెండు రకాల మందుల్నీ పోల్చారు. అనాస్ట్రోజోల్ వాడినవాళ్లలో నూటికి 11 మందికి ఎముక విరిగింది, టామోక్సిఫెన్ వాడినవాళ్లలో నూటికి దాదాపు 8 మందికి. అంటే అనాస్ట్రోజోల్ వాడిన చాలామందికి ఏ ఎముకా విరగలేదు. భయపడాల్సినంత లేదు, పట్టించుకోకుండా ఉండేంత చిన్నదీ కాదు.

ఎంత వేగంగా తగ్గుతుందో చెప్తాను. మామూలుగా ముట్లుడిగిన మొదటి సంవత్సరాల్లో ఏడాదికి ఒకటి రెండు శాతం ఎముక పోతుంది. ఈ మాత్రలతో ఏడాదికి రెండు శాతం, కొందరికి అంతకన్నా ఎక్కువ. నలభై ఏళ్లలోపు ఉండి, కీమో వల్ల అండాశయాలు హఠాత్తుగా ఆగిపోయినవాళ్లలో మొదటి ఏడాదే వెన్నెముకలో ఏడెనిమిది శాతం దాకా పోవచ్చు. అండాశయాల్ని ఆపడానికి నెలకోసారి ఇంజెక్షన్ ఇచ్చి, దానితోపాటు లెట్రోజోల్ కూడా వాడేవాళ్లకూ నష్టం వేగంగానే ఉంటుంది. వయసులో చిన్నవాళ్లు కదా, ఎముకలకేం అవుతుందిలే అనుకుంటాం. నిజానికి హార్మోన్ ఒక్కసారిగా పోయేది వాళ్లకే కాబట్టి అందరికంటే ముందు చూడాల్సింది వాళ్లనే. మన దేశంలో రొమ్ము క్యాన్సర్ పశ్చిమ దేశాలకన్నా సుమారు పదేళ్లు ముందుగా వస్తోంది. అలాంటివాళ్లు మన ఇళ్లలో చాలామందే ఉన్నారు.

ఇప్పుడు మన తెలుగు రాష్ట్రాలకే సంబంధించిన ఒక విషయం మాట్లాడాలి. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. గర్భసంచి ఆపరేషన్.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్ని అడిగితే, దేశం మొత్తమ్మీద నూటికి ముగ్గురు గర్భసంచి తీయించుకున్నామన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. దేశంలో మొదటి రెండు స్థానాలు మనవే. అందులోనూ చాలావరకు నలభై ఏళ్లలోపే జరిగినవి. తెల్లబట్ట అవుతోందని, ఎక్కువ రక్తం పోతోందని, వదిలేస్తే క్యాన్సర్ అవుతుందని ఎవరో భయపెట్టారని, ఇద్దరు పిల్లలు పుట్టాక ఇంక దానితో పనేముందని. ఇలా ముప్పై అయిదేళ్లకే ఆపరేషన్ అయిపోయినవాళ్లు ఈ హాల్లోనే ఉంటారు. వాళ్ల తప్పేమీ లేదు. అవసరం ఉందో లేదో వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పలేదు.

ఎముక లెక్కలో ముఖ్యమైన ప్రశ్న ఒక్కటే. గర్భసంచి ఒక్కటే తీశారా, అండాశయాలు కూడా తీశారా? చాలామందికి తెలియదు. "అంతా తీసేశారు డాక్టరుగారూ" అంటారు, ఆ అంతాలో ఏమేం ఉన్నాయో ఫైలు చూస్తే గాని తెలియదు, ఆ ఫైలు ఎప్పుడో పోయి ఉంటుంది. ముప్పై అయిదేళ్లకు అండాశయాలు తీసేస్తే ఆ రోజు నుంచే ఎముక తగ్గడం మొదలవుతుంది. అండాశయాలు ఉంచినా, గర్భసంచి తీయించుకున్నవాళ్లలో అవి కొన్నేళ్లు ముందే పని మానేస్తాయి. ముప్పై అయిదేళ్లకే అండాశయాలు తీసేసిన మహిళకు యాభై ఏళ్లకు రొమ్ము క్యాన్సర్ వచ్చి లెట్రోజోల్ మొదలుపెడితే, అప్పటికే పదిహేనేళ్లుగా ఎముక పోతోంది. పుస్తకాల్లో ఉన్న అంకెలు ఆమెకు సరిపోవు.

ఇంకో చిక్కు కూడా ఉంది. గర్భసంచి లేనివాళ్లకు నెలసరి రాదు కాబట్టి ముట్లుడిగాయో లేదో బయటికి తెలియదు. అండాశయాలు ఇంకా పనిచేస్తుంటే లెట్రోజోల్ ఒక్కటే ఇస్తే పని చేయదు. కీమో తర్వాత నెలసరి ఆగినవాళ్లలో కూడా కొంతకాలానికి అండాశయాలు మళ్లీ తేరుకోవచ్చు. అందుకే రక్తంలో హార్మోన్ పరీక్షలు చేసి చూస్తారు. కాబట్టి పాత ఆపరేషన్ డిశ్చార్జి కాగితం దొరికితే ఫైల్లో పెట్టుకోండి. దొరక్కపోతే ఎన్నో ఏట ఆపరేషన్ అయింది, ఆ తర్వాత ఒంట్లో ఆవిర్లు ఎప్పుడు మొదలయ్యాయి అన్నదైనా మీ ఆంకాలజిస్టుకు, అంటే క్యాన్సర్ డాక్టరుకు చెప్పండి. అల్ట్రాసౌండ్‌లో అండాశయాలు కనిపిస్తున్నాయేమో చూడమని అడగండి.

ఎముక పలచబడుతుంటే నొప్పి ఉండదు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఈ మాత్రలతో వచ్చే కీళ్ల నొప్పులనే అందరూ ఎముకలు అరిగిపోవడం అనుకుంటారు. పొద్దున్నే లేవగానే వేళ్లు బిగుసుకుపోవడం, మోకాళ్లు పట్టేయడం ఈ మాత్రలు వాడేవాళ్లలో చాలామందికి ఉంటుంది. ఇబ్బందే, దానికి వ్యాయామం, మందు మార్పు లాంటి దారులున్నాయి. ఆ నొప్పి లేదంటే ఎముక గట్టిగా ఉందని మాత్రం కాదు. వెన్నుపూసలు నలిగిపోవడం కూడా మూడింట రెండు వంతుల మందిలో తెలియకుండానే జరిగిపోతుంది. ఎత్తు తగ్గడం, నడుం పైభాగం వంగడం, ఎప్పుడూ అందే అటక మీది డబ్బా ఇప్పుడు అందకపోవడం, ఇవే గుర్తులు. మణికట్టు, వెన్ను, తుంటి, ఈ మూడు చోట్లే ఎక్కువగా విరుగుతాయి. తుంటి విరిగితే మనిషి మంచాన పడుతుంది, ఇంటిల్లిపాదీ తల్లడిల్లుతారు.

అందుకే పరీక్ష. డెక్సా స్కాన్ అంటారు. బల్ల మీద పడుకుంటే పది పదిహేను నిమిషాల్లో నడుం, తుంటి ఎముకల సాంద్రత కొలుస్తుంది. సూది ఉండదు, రేడియేషన్ చాలా తక్కువ. టి స్కోర్ అని ఒక అంకె వస్తుంది. మైనస్ 1 కంటే పైన ఉంటే మామూలు, మైనస్ 2.5 లేదా అంతకంటే కింద ఉంటే ఆస్టియోపొరోసిస్, మధ్యలో ఉంటే ఆస్టియోపీనియా. లెట్రోజోల్ రకం మాత్రలు వాడేవాళ్లలో మైనస్ 2.5 దాకా పడిపోయేవరకు ఆగరు. మైనస్ 2 కంటే తగ్గినా, లేక ఇదివరకే చిన్న దెబ్బకు ఎముక విరిగి ఉండటం, తల్లిదండ్రులకు తుంటి విరిగి ఉండటం, బాగా సన్నగా ఉండటం, ఎక్కువకాలం స్టెరాయిడ్లు వాడటం లాంటివి తోడైనా ముందే మందు మొదలుపెడతారు.

మాత్ర మొదలుపెట్టేటప్పుడు ఒక డెక్సా, తర్వాత ఏడాదికో రెండేళ్లకో ఇంకొకటి. వీలైతే అదే సెంటర్లో, అదే మెషీన్ మీద. మెషీన్ మారితే అంకెల్ని పోల్చలేం. వైద్య శిబిరాల్లో మడమకు చేసే ఉచిత పరీక్ష ఉంటుంది చూడండి, దాన్ని బట్టి మందు మొదలుపెట్టకూడదు, బాగానే ఉందని ధీమాగా కూడా ఉండకూడదు. అందులో తేడా కనిపిస్తే డెక్సా చేయించుకోండి.

మందుల సంగతి. రెండు ముఖ్యమైనవి.

ఒకటి జోలెడ్రోనిక్ యాసిడ్, ఆర్నెల్లకోసారి సెలైన్‌లో ఎక్కిస్తారు. ఇది ఎముకను కాపాడటంతో ఆగదు. 2015లో ప్రపంచంలోని అనేక అధ్యయనాల నుంచి దాదాపు 18,800 మంది మహిళల వివరాలు కలిపి చూశారు. ముట్లుడిగినవాళ్లలో ఈ తరహా మందులు వాడినప్పుడు పదేళ్లలో క్యాన్సర్ ఎముకకు పాకడం నూటికి 8.8 నుంచి 6.6కు తగ్గింది, రొమ్ము క్యాన్సర్ మరణాలు 18 నుంచి 14.7కు తగ్గాయి. నెలసరి ఉన్నవాళ్లలో ఈ మేలు కనపడలేదు. కాబట్టి ముట్లుడిగినవాళ్లలో, ముఖ్యంగా తిరగబెట్టే ప్రమాదం ఎక్కువగా ఉంటే, టి స్కోర్ బాగున్నా సరే ఈ ఇంజెక్షన్ అవసరమా అని ఆంకాలజిస్టును అడగాలి. మొదటిసారి ఎక్కించాక ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి. పారాసెటమాల్‌తో తగ్గిపోతాయి, రెండోసారికి అంత ఉండవు. ముందుగా రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష), కాల్షియం, విటమిన్ డి చూడాలి.

రెండోది డెనోసుమాబ్, ఆర్నెల్లకోసారి చర్మం కింద 60 మిల్లీగ్రాముల ఇంజెక్షన్. ఆస్ట్రియా వాళ్ల అధ్యయనంలో అరోమటేజ్ మాత్రలు వాడుతున్న 3,400 మందికి పైగా మహిళల్లో ఇది ఎముకలు విరగడాన్ని సగానికి తగ్గించింది. మంచి మందు. కానీ ఒక షరతు ఉంది, దాన్ని డాక్టర్లమే సరిగ్గా చెప్పట్లేదు. దీన్ని మధ్యలో ఆపేస్తే కూడబెట్టిన ఎముక అంతా కొద్ది నెలల్లో కరిగిపోతుంది. కొందరిలో రెండు మూడు వెన్నుపూసలు ఒకేసారి నలిగిపోతాయి. ఊరెళ్లామనో, డబ్బు సర్దుబాటు కాలేదనో, బాగానే ఉంది కదా అనో డోసు తప్పించకూడదు. ఆపాల్సి వస్తే ఆ తర్వాత జోలెడ్రోనిక్ లాంటిది ఇచ్చి ఆపాలి. ఆర్నెల్లకోసారి క్రమం తప్పకుండా రాగలమా అని ముందే ఇంట్లో మాట్లాడుకోండి. రాలేమనుకుంటే డాక్టరుకు అదే మాట చెప్పండి, వేరే మందు ఎంచుకోవచ్చు.

ఈ రెండింటిలో దేనికైనా ముందు పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లి రండి. పీకాల్సిన పన్ను ఉంటే ముందే పీకించుకోవాలి. అరుదుగానే అయినా, ఈ మందులు వాడుతున్నప్పుడు పన్ను పీకితే దవడ ఎముక మానకుండా పోయే ప్రమాదం ఉంది. చాలా ఏళ్లు వాడుతున్నవాళ్లకు తొడలో నొప్పి మొదలై తగ్గకపోతే అది కూడా చెప్పాలి.

తిండి గురించి క్లుప్తంగా. ముట్లుడిగిన మహిళకు రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్తోంది. వంద గ్రాముల రాగిపిండిలో 350 దాకా ఉంటుంది. రాగి సంగటి, అంబలి, పాలు, పెరుగు, చిమ్మిలి, మునగాకు, తినేవాళ్లకు ముల్లుతో సహా తినే నెత్తళ్లు. తిండితో సరిపోనిదానికే మాత్ర. థైరాయిడ్ మాత్ర వాడేవాళ్లు దానికీ కాల్షియానికీ మధ్య నాలుగు గంటలు ఎడం ఉంచండి. నల్లేరు పచ్చడి తింటే అభ్యంతరం లేదు. నల్లేరు క్యాప్సూళ్లు, ఎముక పుష్టి పొడులు అంటూ అమ్మేవాటిని ఈ మందులకు బదులుగా వాడొద్దు.

ఎండ ఉన్న దేశంలో విటమిన్ డి లోటేమిటని అడుగుతారు. తిరుపతిలో డాక్టర్ హరినారాయణ్ బృందం ఏళ్ల తరబడి చేసిన పరిశోధనల్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనే లోటు కనిపించింది, పొలాల్లో పనిచేసే పల్లెవాళ్ల కంటే పట్నంవాళ్లలో ఎక్కువగా. చర్మం విటమిన్ డి బాగా తయారుచేసేది పొద్దున లేత ఎండలో కాదని, పదకొండు నుంచి రెండు మధ్యనని కూడా వాళ్లే చూపించారు. రేడియేషన్ ఇచ్చిన చోట మాత్రం ఎండ తగలనివ్వకండి. 60 వేల యూనిట్ల విటమిన్ డి వారానికొకటి అని ఎనిమిది వారాలకు రాస్తే, ఏడాదిపాటు వారం వారం వేసుకుంటూ పోయేవాళ్లున్నారు. ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి. పరీక్ష చేయించుకుని వాడండి.

ఇక పడిపోకుండా చూసుకోవడం. ఎముక పలచబడినా మనిషి పడకపోతే చాలావరకు తుంటి, మణికట్టు విరగవు. పాక్లిటాక్సెల్ కీమో తీసుకున్నవాళ్లలో చాలామందికి అరికాళ్లు మొద్దుబారి ఉంటాయి, నేల తడిగా ఉందో లేదో కూడా తెలియదు. నిద్రమాత్రలు, బీపీ మాత్రలతో లేవగానే తూలడం ఉంటుంది. ఇక్కడికి వచ్చిన మగవాళ్లకు నా విన్నపం. ఈ వారంలోనే బాత్రూంలో గోడకు గట్టి పట్టు బిగించండి. మంచం నుంచి బాత్రూం దాకా రాత్రంతా చిన్న లైటు వెలగనివ్వండి. తుడిచిన గ్రానైట్ నేల ఆరేదాకా ఆమెను నడవనివ్వకండి. అటక మీది సామాను మీరే దించండి.

వ్యాయామం నడకతో సరిపోదు, కండరాలకు బరువు పడాలి. ఆపరేషన్ అయిన వైపు చేత్తో బరువు ఎత్తితే చెయ్యి వాస్తుందని అందరూ భయపెట్టి ఉంటారు. 2009లో వచ్చిన ఒక పరిశోధనలో, శిక్షకుల పర్యవేక్షణలో కొద్దికొద్దిగా బరువులు పెంచుకుంటూ పోయిన మహిళల్లో వాపు పెరగలేదు, పైగా వాపు ముదరడం తగ్గింది. ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని మొదలుపెట్టండి. వెన్నెముక బాగా పలచబడినవాళ్లు మాత్రం నడుం ముందుకు వంచే ఆసనాలు మానేయాలి. నిండు బకెట్లు వంగి ఎత్తకూడదు.

ఇప్పుడు ప్రశ్నలు తీసుకుంటాను.

ప్రశ్న: డాక్టరుగారూ, నాకు చికిత్స అయి మూడేళ్లయింది. నెల రోజులుగా వెన్ను నొప్పి. మళ్లీ వచ్చిందేమోనని రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

అమ్మా, ముందు ఇంట్లో చెప్పండి. ఒక్కరే మోయాల్సిన భయం కాదిది. నెల రోజులుగా ఒకేచోట ఉన్న నొప్పిని ఎలాగూ చూపించాలి. కండరం పట్టేసి ఉండొచ్చు, డిస్క్ కావచ్చు, పలచబడిన వెన్నుపూస నలిగి ఉండొచ్చు, మీరు భయపడుతున్నదీ కావచ్చు. చూడకుండా ఏదీ అనుకోవద్దు. ఎక్స్‌రే, అవసరమైతే ఎమ్మారై తీస్తే తేడా తెలుస్తుంది. రేపే మీ ఆంకాలజిస్టుకు ఫోన్ చేయండి. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా రేపటిదాకా కూడా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఈ కార్యక్రమం అయ్యాక నన్ను కలవండి, మీ కాగితాలు చూస్తాను.

ప్రశ్న: మా అత్తగారికి పోయినేడు మణికట్టు విరిగితే పుత్తూరు కట్టు కట్టించాం సార్, బాగానే అతుక్కుంది. ఇంకోసారి ఏదైనా విరిగితే అక్కడికే తీసుకెళ్లొచ్చా?

ఆ కట్టు మీద మనవాళ్లకున్న నమ్మకం తరతరాలది, దాన్ని తీసిపారేయను. కానీ అత్తగారికి రొమ్ము క్యాన్సర్ చికిత్స అయింది కాబట్టి లెక్క మారుతుంది. ఏ ఎముక విరిగినా ముందు ఎక్స్‌రే తీయాలి. ఆ చోట క్యాన్సర్ ఉండి విరిగిందేమో చూడాలి కదా. తుంటి విరిగితే కట్టుతో కుదరదు, ఆపరేషన్ కావాలి, అదీ త్వరగా. ఇంకో సంగతి. నిలబడ్డ మనిషి జారిపడితేనే మణికట్టు విరిగిందంటే అది ఎముక పలచబడిందనడానికి గుర్తు. డెక్సా చేయించారా? చేయించలేదంటే ఈ నెలలోనే చేయించండి. అతుక్కున్నంత మాత్రాన అసలు కారణం పోలేదు.

ప్రశ్న: నాకు ఐదేళ్లు పూర్తయ్యాయి, అనాస్ట్రోజోల్ ఆపేశారు. ఇక ఎముకల గురించి దిగులు అక్కర్లేదా?

మంచి వార్తే. ఇందాక చెప్పిన ఏటాక్ అధ్యయనంలోనే, మాత్ర ఆపాక ఎముక విరగడంలో ఆ అదనపు తేడా కనపడకుండా పోయింది. పోయిన ఎముక కొంత తిరిగి వస్తుంది కూడా. అయినా వయసు పెరుగుతోంది కాబట్టి ఇప్పుడొక డెక్సా తీయించి, మాత్ర మొదలుపెట్టినప్పటి దానితో పోల్చాలి. మీకు డెనోసుమాబ్ ఇస్తున్నారా? ఇస్తున్నారంటే అనాస్ట్రోజోల్‌తో పాటు దాన్ని కూడా మీ అంతట మీరు ఆపేయొద్దు. చివరి ఇంజెక్షన్ ఏ తేదీన వేశారో ఫైల్లో చూడండి. ఆర్నెల్లు నిండకముందే వెళ్లి, దాని తర్వాత ఏ మందు ఇస్తారో అడగండి.